వంశధార గట్టున మూడు రాగిరేకులు

కాశీనగరంలో కంచరి దొంపాక అప్పలాచారి
తక్కెట్లో వేసి చూపించాడు:
మూడు రేకులు, ఒక కడియం, కడియానికి అరిగిన ముద్ర.
"కేజీ ఆరొందలు బావూ. రాగి మంచిదే.
కరిగించీమంటావా, సదివి సెప్తావా?"

ఏటిగట్టు తవ్వుతుంటే జేసీబీ పళ్లకి తగిలాయట.
చింతపండు పెట్టి తోమాడు. తోమకుండా ఉంటే బాగుండేది.
కొన్ని అక్షరాలు గిన్నెల మెరుపులోకి జారిపోయాయి.

మిగిలినవాటిని
పర్లాకిమిడి బళ్లో ముప్పయ్యేళ్లు గుణింతాలు దిద్దించిన వేలితో
తడిమి తడిమి చదివాను.

మొదటి రేకంతా తాతలు.
చంద్రుడితో మొదలు. చంద్రుడికి బుధుడు.
అక్కణ్ణించి ఎవరూ అడగని ఒక పెద్ద గెంతు,
దిగేసరికి ఎర్రపోత పాత్రుడు.
ఆయనకి సింగమ పాత్రుడు, మదపుటేనుగుల తలలు చీల్చినవాడు.
ఆయనకి నారణ పాత్రుడు, ఆయన చీల్చిందీ ఏనుగుల్నే.
ఆయనకి కొమ్మన పాత్రుడు, ఈ రేకులు వేయించిన దొర.
ఈ చిన్న లోయలో ఇన్ని ఏనుగులెక్కడివని నవ్వాను.
అప్పలాచారి నవ్వలేదు.
"పొగిడినోడికి కూలిచ్చుంటారు. మాం నగిషీకి తీసుకోమేటి?"

రెండో రేకు కొమ్మన బతుకు.
పదహారో ఏట పట్టం.
మన్యం మీదికి మూడు దండయాత్రలు,
రెండేనేమో, చింతపండు తినేసిన చోట సరిగా తెలీదు.
పై రాజుకి ఏటా తేనె, మైనం, నలభై దంతాలు.
(అదిగో ఏనుగులు.)
ఆ తరవాత ఒక పంక్తి చెరిపి
దాని మీదే కొత్త పంక్తి చెక్కారు.
ఉలికి కోపమొచ్చినట్టు అక్కడ అక్షరాలు లోతుగా దిగాయి.
"స్వామిభక్తిలో హనుమంతుడు" అని ఉంది.
మా మేనత్త వేరేగా చెప్పేది:
కప్పం ఎగ్గొట్టిన దొరొకడు కొండల్లోకి పారిపోయి
రెండేళ్లు వెదురుబొంగులో అన్నం వండుకు తిన్నాడని.

వంశమంటే కులం. వంశమంటే వెదురూను.
రెండూ కణుపు కణుపుగా పెరిగేవే,
రెండిటికీ లోపల బోలే.

మూడో రేకు దానం.
తూర్పున ఏరు, దక్షిణాన నల్లబండ,
పడమర వెదురుపొద, ఉత్తరాన జోడుపుట్టలు.
ఈ నేల లాక్కున్నవాడు
అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుట్టుగాక.
కింద చెక్కినవాడి సంతకం.

సంతకం తరవాత రేకు ఖాళీగా ఉండాలి.
లేదు.

ఉలి కాదు, కత్తిమొన. సంస్కృతం కాదు, తెలుగు.
వంకర గీతలు, రెండు తప్పులు:
"నాకు పాలిచి పెంచిన సోమరికి..."
సోమరేమిటని కళ్లజోడు తుడుచుకున్నాను.
సొంబారి.
సోమవారం పుట్టిన ఆడపిల్లకి సవరలు పెట్టే పేరు.
"సొంబారికి, ఆమె బిడలకి ఈ నేల. ఇది నా మాట."

అంతే. దొర పేరు లేదు, బిరుదు లేదు.
కన్నతల్లి పేరు మూడు రేకుల్లోనూ ఎక్కడా లేదు.
చంద్రవంశమని రాసినవాడికి తెలిసుండదు,
సోముడు ఏ గుడిసెలోంచి పాలు తెచ్చాడో.

అప్పలాచారి చాలాసేపు బుగ్గ గోక్కున్నాడు.
"ఆ నేల ఇప్పుడెవుల్ది బావూ?"
ఇసక కాంట్రాక్టరుదన్నాను.
"ఐతే పురుగే," అని కొలిమిలో బొగ్గు ఎగదోశాడు.

రేకుల్ని ఒడియా పేపర్లో చుట్టి చేతిలో పెట్టాడు.
"రాగి ధర ఇచ్చీ సాలు," అన్నాడు.
"అచ్చరాలకి నానేటి తూకం ఏస్తాను?"

గుణుపురం బస్సులో సీటు దొరకలేదు.
సంచీ బరువుకి భుజం లాగింది.